అడుగులు లెక్కపెట్టే యాప్ కాదు, తోడు నడిచే మనిషి కావాలి



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఒక ప్రైవేటు సంస్థ వాళ్ళు వచ్చి "మీ సభ్యుల చేత నడిపిస్తాం" అన్నారు. తమది లాభం కోసం పెట్టింది కాదనీ, సమాజ సేవ చేసే సంస్థ అనీ చెప్పుకున్నారు. ఫోనులో ఒక యాప్ వేసుకోవాలి. మనిషికి 300 రూపాయలు. మూడు నెలల పాటు ఎవరు రోజుకు ఎన్ని అడుగులు వేశారో యాప్ లెక్కపెడుతుంది. లక్ష్యం రోజుకు పదివేల అడుగులు. ఆఖర్న మొదటి ముగ్గురికి బహుమతులు, మిగతావాళ్ళకు సర్టిఫికెట్లు. డబ్బులో సగం సంఘం నిధి నుంచి, సగం సభ్యుల నుంచి అని కార్యదర్శి గారి ఆలోచన. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద చేతులెత్తమంటారు.

నేను చేయి ఎత్తను. సమావేశంలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇస్తారు. నా మాట రెండు నిమిషాల్లో తెమిలేది కాదని మీకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడవే, ఓపిక చేసుకుని చదవండి.

కార్యదర్శి గారి ఉద్దేశం మంచిది, అందులో నాకు అనుమానం లేదు. మన సభ్యుల్లో సగం ఇళ్ళలో షుగరు మాత్రల డబ్బా ఉంది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ ఇచ్చే ముందు "చక్కెర వేయమంటారా?" అని అడగడం ఇప్పుడు మర్యాద అయిపోయింది. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క. ఆ పని నడిపించింది మన చెన్నై డాక్టర్లే. కాబట్టి నడవాలా వద్దా అన్న వాదన నాకు అక్కర్లేదు. నడవాలి. ఎవరి చేత నడిపించాలి, ఎట్లా నడిపించాలి అన్నదే నా గొడవ.

నడక మంచిదని ముందుగా లెక్క కట్టి చూపించిన వాళ్ళలో ఒకాయన లండన్ డాక్టరు జెర్రీ మోరిస్. ఆయన చూసింది మన లాంటి ఉద్యోగస్తులనే. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే డిపో, ఇంచుమించు ఒకే రకం బతుకు. అయినా కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది, వచ్చినా మొదటి దెబ్బకే పోయేవాళ్ళు తక్కువ. ఈ సంగతి 1953లో అచ్చయింది. పోస్టాఫీసులో కూడా ఇదే తేడా చూశాడాయన. ఉత్తరాలు పంచే పోస్టుమాన్ ఒక పక్క, కుర్చీలో కూర్చునే గుమాస్తా ఇంకో పక్క. గుమాస్తాదే ఓటమి. రైల్వేలో గుమాస్తాగా రిటైరైన వాడిని, ఈ మాట చదివినప్పుడు నాకు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. మోరిస్ గారు మాత్రం 99 ఏళ్ళు బతికారు.

మన ఊళ్ళోనే జరిగిన పరిశోధన ఇంకొకటి ఉంది. చెన్నైలో డాక్టరు రామచంద్రన్ గారి బృందం షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందిని తీసుకుని మూడేళ్ళు చూసింది. పోలిక కోసం ఉంచిన వాళ్ళలో వందకు 55 మందికి షుగరు వచ్చేసింది. తిండి మార్చుకోమని, రోజూ నడవమని చెప్పి, మళ్ళీ మళ్ళీ పలకరించిన వాళ్ళలో వందకు 39 మందికే వచ్చింది. ఇది 2006లో అచ్చయింది. ఇందులో రెండు సంగతులున్నాయి. నడక పనిచేస్తుంది, అది మొదటిది. "మళ్ళీ మళ్ళీ పలకరించిన" అన్నది రెండోది. మనం దాన్ని దాటేసి పోతుంటాం. ఒకసారి చెప్పి వదిలేస్తే ఎవరూ నడవరు. ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి.

ఇప్పుడు ఆ పదివేల అడుగుల సంగతి చూద్దాం. అది ఏ డాక్టరో పెట్టిన లెక్క అనుకుంటాం. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో, జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మాన్‌పోకే. అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుంది, అంకె గుండ్రంగా ఉంది, లోకమంతా పట్టుకుంది. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ గారి బృందం సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టి చూసింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాకా మేలు పెరిగింది, ఆ తర్వాత పెరగలేదు. మన పెద్దవాళ్ళకు ఈ లెక్క ముఖ్యం. ఇంట్లోనే తిరిగే మనిషి ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు బయట నడిస్తే చాలు, పెద్ద మేలు అక్కడే ఉంది. పదివేలు అని గోడ మీద రాసిపెడితే మోకాళ్ళ నొప్పులున్న వదినమ్మ ఏమనుకుంటుంది? "ఇది మనవల్ల కాదులే" అని కుర్చీలో కూర్చుంటుంది. 4,400 తో ఆమెకు దక్కాల్సిన మేలు పదివేలనే అంకె వల్ల పోతుంది.

ఇక పోటీ. మూడు నెలల తర్వాత మొదటి ముగ్గురు ఎవరో నేను ఇప్పుడే చెప్పగలను. మీరూ చెప్పగలరు. రోజూ తెల్లవారకముందే లేచి బీచ్ దాకా పోయి వచ్చేవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. బహుమతి వాళ్ళకే వస్తుంది. వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ వాళ్ళు యాప్ లేకపోయినా నడుస్తారు. నడిచేవాళ్ళకు నడిచినందుకు డబ్బు ఇచ్చి, నడవని వాళ్ళ దగ్గర చందా వసూలు చేయడమే ఈ ప్రతిపాదన సారం. 200 మంది చేరితే 60,000 రూపాయలు. అందులో ఎంత ఇంట్లోంచి కదలని మనిషిని కదిలించడానికి పోతుందో లెక్క రాసి చూపించమనండి. నేను అడిగాను, జవాబు రాలేదు.

రైలు స్టేషనుకు వచ్చినట్టు ఎప్పుడు రాసుకుంటారో మీలో రైల్వే వాళ్ళకు తెలుసు. ఇంజను వచ్చిందని కాదు. ఆఖరి పెట్టె వెనక ఎల్‌వీ అని బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్ర దీపం. అది కంటితో చూసిన తర్వాతే బండి పూర్తిగా వచ్చినట్టు. మధ్యలో రెండు పెట్టెలు తెగి వెనక నిలిచిపోయి ఉంటే, ఇంజను ఎంత వేగంగా వచ్చినా ఏం లాభం? సంఘం కూడా అంతే. ముందు నడిచే ముగ్గురిని కాదు, ఆఖరి మనిషిని చూసి లెక్క వేయాలి.

మనలో ఆ ఆఖరి మనిషి ఎవరు? పేరు చెప్పను. మన సభ్యురాలే, డెబ్భై దాటిన పెద్దావిడ. సంక్రాంతికి మన హాలు ముందు ముగ్గు వేసేది ఆమే. రెండేళ్ళ కింద పొద్దున నడకకు పోయి, ఎవరో కేబుల్ కోసం తవ్వి సరిగా మూయని పలక మీద కాలు పెట్టి పడిపోయింది. తుంటి విరగలేదు, మణికట్టు విరిగింది. అది అతుక్కుంది. భయం అతుక్కోలేదు. అప్పటి నుంచి మిద్దె దిగలేదు. షుగరు మాత్ర ఒకటి రెండయింది. యాప్ ఆమె ఫోనులో వేస్తే ఏం చేస్తుంది? "ఈరోజు మీరు 900 అడుగులే వేశారు" అని గంట కొడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదా?

ఆమె భయం ఉత్త భయం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 32,825 మంది నడిచిపోతున్న వాళ్ళు. అంటే రోజుకు దాదాపు 90 మంది. ఫుట్‌పాత్ ఎట్లా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాలు 2012లోనే రాసిపెట్టింది. ఇళ్ళున్న వీధుల్లో అడ్డం లేకుండా 1.8 మీటర్ల వెడల్పు, ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. మా వీధి కొసన ఉన్న ఫుట్‌పాత్ నా మోకాలికి కొంచెం తక్కువ ఎత్తు. ఎక్కాలంటే ఒకరు పైనుంచి చేయి అందివ్వాలి. ఎక్కిన తర్వాత పది అడుగులకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టె, దాని పక్కన మూడు బైకులు. దిగాల్సిందే. నడైపాదై అని బోర్డు మాత్రం బాగుంది.

ఇక్కడ పూలంగడి ఆమెను, టీకొట్టు అతన్ని తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టను. వాళ్ళు ఉన్న చోట దీపం ఉంటుంది, మనిషి అలికిడి ఉంటుంది. ఆడవాళ్ళు ధైర్యంగా నడిచేది అంగళ్ళున్న వీధిలోనే. వీధి వ్యాపారులకు చోటు చూపించాలని 2014లో చట్టం కూడా వచ్చింది. అడ్డం అన్నది బైకులు, కార్లు, మూయని గుంతలు, తలుపు తెరిచి పెట్టిన కరెంటు పెట్టెలు.

నడిపించడం అన్న పనిని ఇతర చోట్ల ఎట్లా చేశారో చూద్దాం. ఇంగ్లాండులో బీట్ ద స్ట్రీట్ అని ఒక ఆట ఉంది. విలియం బర్డ్ అనే డాక్టరు గారి సంస్థ నడుపుతుంది. 1995లో తన ఊళ్ళో పేషెంట్లను గుంపుగా నడకకు తీసుకుపోవడం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆట ఏమిటంటే, ఊళ్ళో దీపస్తంభాలకు చిన్న పెట్టెలు తగిలిస్తారు. బడి పిలకాయలకు, వాళ్ళ ఇంటివాళ్ళకు కార్డులు ఊరికే ఇస్తారు. ఒక పెట్టె దగ్గర కార్డు ఆనించి, గంటలోపు నడిచి ఇంకో పెట్టె దగ్గర ఆనిస్తే పాయింట్లు. కొన్ని వారాల పాటు ఊరు ఊరంతా ఆడుతుంది.

ఇందులో నాకు నచ్చినవి మూడు. ఆడేవాళ్ళ దగ్గర పైసా తీసుకోరు. ఖర్చు ఊరి కౌన్సిలో, ఆరోగ్య శాఖో, క్రీడా నిధులో భరిస్తాయి. పాయింట్లు మనిషికి ఒక్కడికే కాదు, బడికి, జట్టుకు పోతాయి. గెలిస్తే బహుమతి బడికి. ఈ రెండు బాగున్నాయి, మూడోది ఇంకా బాగుంది. పిలకాయలు ఒంటరిగా పోలేరు గనుక తాతనో, అవ్వనో లాక్కుని పోతారు. "నడవండి" అని డాక్టరు చెప్తే వినని తాత "రా తాతా, ఇంకో పెట్టె" అంటే లేస్తాడు. ఇది మనకు తెలియని విద్యా?

నచ్చనిది కూడా చెప్తాను. ఆట అయిపోగానే పెట్టెలు తీసేస్తారు. ఆ తర్వాత గుంపులు నిలబడితేనే నడక నిలబడుతుంది. ఇంకొకటి, అక్కడ అడుగు పెట్టడానికి ఫుట్‌పాత్ ముందే ఉంది. అది ఊరికే రాలేదు. ఆ దేశంలో పాదచారుల సంఘం 1929లోనే పెట్టారు. ఇప్పుడు దాని పేరు లివింగ్ స్ట్రీట్స్. వాళ్ళు మొదట జనాన్ని "నడవండి" అనలేదు. కారు నడిపేవాడికి పరీక్ష పెట్టండి, ఊళ్ళో వేగం తగ్గించండి, రోడ్డు దాటడానికి చోటు ఇవ్వండి అని సర్కారును అడిగారు. బడి పిలకాయలను నడిపించే పనులు, బ్యాడ్జీలు ఇవ్వడాలు ఆ తర్వాత వచ్చాయి. వరస చూడండి, ముందు దారి, తర్వాత ప్రోత్సాహం. మనం వరస తిరగేస్తున్నాం.

అమెరికాలో గర్ల్‌ట్రెక్ అని ఇంకొకటి ఉంది. నల్లజాతి ఆడవాళ్ళు ఇద్దరు పెట్టింది, మోర్గన్ డిక్సన్, వెనెస్సా గారిసన్. వాళ్ళ వాళ్ళలో గుండెజబ్బు, షుగరు ఎక్కువ. రోజుకు అరగంట, తోటి ఆడవాళ్ళతో కలిసి, ఇంటి ముందు వీధి నుంచే నడవండి అన్నారు. తమ పెద్దల చరిత్ర చెప్పుకుంటూ నడిచారు. బానిసత్వం నుంచి జనాన్ని తప్పించిన హారియెట్ టబ్‌మన్ పోయిన దారి వెంట వంద మైళ్ళు నడిచారు. 2020 నాటికి పది లక్షల మంది ఆడవాళ్ళు వాళ్ళతో చేరారు. అక్కడ ఆడవాళ్ళను నిలబెట్టింది బహుమతి కాదు. పక్కన మనవాళ్ళున్నారన్న ధైర్యం, ఇది మన పని అన్న పౌరుషం.

అంత దూరం ఎందుకు, మన చెన్నైలోనే తిరుమంగళం ఏషియాడ్ కాలనీ ఉంది. 1990లలో డాక్టరు మోహన్ గారి సంస్థ వాళ్ళు అక్కడ షుగరు సర్వే చేసి, ఇంత మందికి ఉంది, కారణం ఇది అని కాలనీ వాళ్ళకే చెప్పారు. కాలనీ వాళ్ళు తమలో తాము డబ్బు వేసుకుని నడవడానికి ఒక పార్కు కట్టుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ లెక్క తీశారు. వారానికి మూడుసార్ల కంటే ఎక్కువ వ్యాయామం చేసేవాళ్ళు మొదట వందకు 14 మంది, పార్కు వచ్చాక దాదాపు 59 మంది. నాలుగింతలు! యాప్ లేదు, వాచీ లేదు, సర్టిఫికెట్ లేదు. చోటు ఉంది, ఆ చోటు తామే కట్టుకున్నామన్న భావం ఉంది, పక్కింటివాడు నడుస్తూ కనిపిస్తున్నాడు. మన నిధి ఎట్లా ఖర్చు పెట్టాలో దీనికంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

నా మాటకు అడ్డు చెప్పేవాళ్ళు మూడు మాటలు అంటున్నారు. వాటికి జవాబు చెప్పి తీరాలి.

"కుర్రాళ్ళకు ఫోను ఉంటేనే ఉత్సాహం" అంటున్నారు. నిజమే. అయితే అడుగులు లెక్కపెట్టడం ఇప్పుడు చాలా ఫోన్లలో ఊరికే వస్తుంది. దానికి 300 ఎందుకు? పైగా ఆ ఫారంలో వయసు, బరువు, షుగరు ఉందా, బీపీ ఉందా, ఏ వీధిలో ఎన్ని గంటలకు నడుస్తారు, అన్నీ అడిగారు. ఒంటరిగా ఉండే ముసలి మనిషి రోజూ ఏ వేళకు ఇంట్లో ఉండదో ఒక కంపెనీకి రాసి ఇవ్వడం నాకు మంచిగా అనిపించలేదు. సంఘం తన సభ్యుల వివరాలను కాపాడాలి గాని అప్పగించకూడదు.

"వాళ్ళది సేవాసంస్థ, అనుమానించకూడదు" అంటున్నారు. సేవాసంస్థ వ్యాపారంలా నడవడం తప్పు కాదు. జీతాలివ్వాలి, అద్దె కట్టాలి. కానీ లాభం పంచుకోని కంపెనీలకు మన చట్టంలో సెక్షన్ 8 అని ప్రత్యేకంగా ఉంది. మీది అదేనా, మిగిలిన డబ్బు ఎక్కడికి పోతుంది, లెక్కలు చూపిస్తారా అని అడగడం అనుమానం కాదు. నలభై రూపాయల టికెట్టుకు కూడా రైల్వేలో లెక్క చెప్పాను నేను. సేవ చేసేవాడు లెక్క చెప్పడానికి సంతోషించాలి.

"మన సంఘం భాష కోసం పెట్టింది, నడక కోసం కాదు" అనేది మూడో మాట. ఇది చెప్పింది పెద్దవాళ్ళు, ఆలోచించాల్సిన మాట. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా నాన్న దగ్గర, పాత పంచాంగం అట్టల మీద నేర్చుకున్నాను. మా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మీ ఇళ్ళలోనూ ఇంతే. ఏడాదికి ఒక ఉగాది సభ పెట్టి, మైకులో తెలుగు మాట్లాడి, పులిహోర తిని ఇంటికి పోతే భాష నిలుస్తుందా? అరగంట పక్కపక్కన నడిచేటప్పుడు మనుషులు మాట్లాడతారు. ఫోను చూడలేరు, టీవీ లేదు, మాట్లాడక చేసేదేమీ లేదు. అవ్వ పక్కన పిల్ల వారానికి ఐదు రోజులు నడిస్తే రెండున్నర గంటల తెలుగు ఆ పిల్ల చెవిన పడుతుంది. మన ఆదివారం తెలుగు క్లాసు ఒక గంటే కదా.

పైగా ఈ ఊళ్ళో నడిచే చోట్లకు ఎవరి పేర్లున్నాయో చూడండి. మైలాపూరు లజ్ దగ్గర పొద్దున్నే జనం నడిచేది నాగేశ్వరరావు పార్కులో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, ఆంధ్రపత్రిక పెట్టిన మనిషి. నడిచి కాళ్ళు నొప్పి పుడితే రాసుకునే అమృతాంజనం కూడా ఆయనదే, 1893 నుంచి. అక్కడికి నడిచే దూరంలోనే, రాయపేట హైరోడ్డులో, పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లు ఉంది. ఇక టీ నగర్. ఊరి పేరు పిట్టి త్యాగరాయ శెట్టి గారిది, ఇంట్లో తెలుగు మాట్లాడిన నేత కుటుంబం. పక్కన పనగల్ పార్కు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పానుగంటి రామరాయణింగారి పేరు. అక్కడే పాండీ బజారులో 2019లో వెడల్పు ఫుట్‌పాత్ వేశారు. పండగ రోజుల్లో పోయి చూడండి, చేతికర్రతో ముసలివాళ్ళు, తోపుడుబండిలో పసిబిడ్డలు, అందరూ నడుస్తున్నారు. చోటు ఉంటే జనం నడుస్తారు అనడానికి ఇంకో రుజువు కావాలా? మన పిలకాయలు ఆ దారిలో ఐస్‌క్రీం తింటూ నడుస్తారు, త్యాగరాయ ఎవరో తెలియదు. చెప్పాల్సింది మనమే.

కాబట్టి ఊరికే వద్దు అనడం లేదు. దానికి బదులు నేను పెట్టే ప్రతిపాదన ఇది.

1. వారానికి ఐదు రోజులు, పొద్దున ఆరు గంటలకు హాలు ముందు నుంచి నడక. పొద్దున కుదరని వాళ్ళకు సాయంత్రం ఐదున్నరకు. మూడు బండ్లు ఉంటాయి. వేగంగా నడిచేవాళ్ళకు ఎక్స్‌ప్రెస్, మామూలుగా నడిచేవాళ్ళకు ప్యాసింజర్, నిలిచి నిలిచి నడిచేవాళ్ళకు గూడ్స్. గూడ్స్ బండికి ప్రతిరోజూ ఒక గార్డు ఉండాలి. అందరికంటే మెల్లగా నడిచే మనిషి వెనకే నడవడం అతని డ్యూటీ. ఆఖరి మనిషి ఇల్లు చేరాకే రిజిస్టరులో సంతకం. మొదటి నెల గూడ్స్ గార్డు డ్యూటీ నాది.

2. ఇంట్లోంచి కదలని సభ్యుల జాబితా రాద్దాం. ఇద్దరిద్దరు కలిసి ఒక్కొక్కరి ఇంటికి పోవాలి. మొదటి వారం మెట్లు దిగి వీధి గుమ్మం దాకా, రెండో వారం మూల అంగడి దాకా. కాళ్ళకు పుండ్లున్నవాళ్ళు, ఛాతీలో నొప్పి వచ్చేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. షుగరున్నవాళ్ళు చెప్పులు లేకుండా నడవకూడదు.

3. మన నడక దారి మొత్తం ఒకసారి టేపు పట్టుకుని కొలుద్దాం. ఎక్కడ పలక విరిగింది, ఎక్కడ 1.8 మీటర్లు లేదు, ఎక్కడ ఎత్తు ఎక్కువ, ఎక్కడ దీపం లేదు, ఫొటోతో సహా పట్టిక వేద్దాం. నడవడానికీ సైకిలుకూ సంబంధించిన పాలసీ చెన్నై కార్పొరేషన్ 2014లోనే చేసింది. రవాణా బడ్జెట్టులో కనీసం 60 శాతం వీటికే పోవాలని అందులో ఉంది. ఫుట్‌పాత్ వాడుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఈ రెండూ చూపించి మనవి పెడదాం. తమిళంలో మనవి నేను రాస్తాను, చదువుకున్నది అందులోనే గదా. వార్డు సభలో చదివి వినిపించడం కుర్రాళ్ళ పని.

4. దారిలో మూడు చోట్ల కూర్చోవడానికి బల్లలు, రెండు చోట్ల మంచినీళ్ళు ఏర్పాటు చేద్దాం. బాత్రూము వాడుకోనిచ్చే ఇళ్ళు నాలుగైనా కావాలి. ఈ చివరిది నలుగురిలో మాట్లాడటానికి మొహమాటపడతాం, కానీ షుగరున్నవాళ్ళు, పెద్దవయసు ఆడవాళ్ళు బయటికి రాకపోవడానికి సగం కారణం ఇదే. సంఘం నిధి దీనికి ఖర్చు పెడితే నేను రెండు చేతులూ ఎత్తుతాను.

5. పోటీ కావాలంటే పెడదాం, వీధికీ వీధికీ మధ్య. మందులంగడిలో, గుడి దగ్గర, లైబ్రరీలో, టీకొట్టులో ఒక్కొక్క నోటుబుక్కు వేలాడదీద్దాం. పిల్ల, పెద్ద కలిసి నడిచి వస్తేనే తెలుగులో సంతకం పెట్టొచ్చు. ఒక్కరే వస్తే లెక్కలేదు. అరవై దాటిన మనిషిని తీసుకొస్తే రెండు మార్కులు, ఆర్నెల్లుగా బయటికి రాని మనిషిని తీసుకొస్తే ఐదు. గెలిచిన వీధి పిలకాయలకు తెలుగు పుస్తకాలు.

6. నెలకు ఒక ఆదివారం, తెలుగు వాళ్ళ గుర్తులున్న దారుల్లో నడక. మొదటిది నాగేశ్వరరావు పార్కు నుంచి పొట్టి శ్రీరాములు గారి ఇంటి దాకా. రెండోది పనగల్ పార్కు, పాండీ బజారు.

ఇందులో పెద్ద ఖర్చు బల్లలే. మిగతావి నోటుబుక్కులు, టేపు, రెండు టార్చిలైట్లు, మన కాళ్ళు.

కార్యదర్శి గారికి ఒక మనవి. మీ ప్రతిపాదన, నా ప్రతిపాదన రెండూ ఒకే రోజు సమావేశం ముందు పెట్టండి. చేతులెత్తించే ముందు సభ్యులను ఒక్క ప్రశ్న అడగండి: మీ ఇంట్లో ఇప్పుడు నడవని మనిషి ఎవరు, ఈ రెంటిలో ఏది వచ్చి ఆ మనిషి తలుపు తడుతుంది? జవాబు వచ్చాక లెక్కపెడదాం. నేను ఓడిపోతే రిజిస్టరులో ఓడినట్టే రాయండి, అభ్యంతరం లేదు. కానీ గూడ్స్ బండి మాత్రం వచ్చే సోమవారం పొద్దున ఆరు గంటలకు హాలు ముందు నుంచి బయలుదేరుతుంది. ముగ్గు వేసే పెద్దావిడను అడిగాను. "మెట్ల దాకా వస్తాను, ఆ పైన చూద్దాం" అంది. ఆమెకు అటుపక్క నడవడానికి ఇంకొకరు కావాలి. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి, తెలుగులో.

నమస్కారాలతో,
మీ సంఘ సభ్యుడు, రిటైర్డ్ రైల్వే గుమాస్తా